పొగగొట్టం ఊడ్చినోడూ, బిందె పట్టుకుని ఉరికినోడూ



పొగాకు క్యూరింగ్ సీజన్ వచ్చిందంటే జిల్లా పేపర్లో ఏదో ఒక మూల చిన్న వార్త కనపడుద్ది. "పొగాకు బ్యారన్ దగ్ధం." కింద నాలుగు లైన్లు, ఇన్ని లక్షల నష్టం అని ఒక ముక్క. పేజీ తిప్పేస్తాం. ఆ బ్యారన్ తాలూకు మనిషికి మాత్రం ఆ నాలుగు లైన్లలో ఒక ఏడాది కష్టం, రెండేళ్ళ అప్పు ఉంటాయి.

ఈ గొట్టం నిప్పు మనకొక్కళ్ళకే వచ్చిన కష్టం కాదు. దీని వెనక నాలుగు వందల ఏళ్ళ కథ ఉంది. నిప్పెలా పుట్టిందో, దాన్ని ఎవరు ఆర్పారో, జీతం లేకుండా ఊరోళ్ళే ఎట్లా ఆర్పారో చెప్తాను. పోస్టు పెద్దదే. పనులయ్యాక తీరిగ్గా చదవండి.

ముందు పొగగొట్టం సంగతి. మన పాత ఇళ్ళకి పొగగొట్టాలు ఉండేవి కావు. వంటింట్లో పొయ్యి మండితే పొగ చూరు సందుల్లోంచి, పెంకుల సందుల్లోంచి పోయేది. వాసాలు నల్లగా పొగచూరేవి, దానివల్ల పురుగు పట్టేది కాదని పెద్దోళ్ళు సంతోషించేవోళ్ళు కూడా. మన దేశంలో వేడికి కొదవ లేదు, పొగ ఎటు పోయినా పర్లేదు. చలి దేశాల్లో అట్లా కుదరదు. ఇంట్లో రాత్రీ పగలూ మంట ఉండాలి, పొగ బయటికి పోవాలి, వేడి మాత్రం లోపలే ఉండాలి. అందుకని గోడలో గొట్టం కట్టుకున్నారు. ఇంగ్లండులో మామూలు జనం ఇళ్ళల్లోకి కూడా ఈ గొట్టాలు 16వ శతాబ్దంలో బాగా వచ్చాయి.

గొట్టం వచ్చాక కొత్త ప్రమాదం వచ్చింది. పొయ్యిలో కట్టె పూర్తిగా మండితే వచ్చేది వేడి గాలి, కాస్త బూడిద. కానీ కట్టె పచ్చిదైనా, గాలి చాలకపోయినా అది మండదు, కుములుద్ది. కుమిలినప్పుడు వచ్చే పొగలో కాలకుండా మిగిలిన సరుకంతా ఉంటది. ఆ పొగ గొట్టంలో పైకి పోతా పోతా చల్లబడిన చోట గోడకి అంటుకుంటది. ముందు మెత్తని మసి, తర్వాత తారు లాంటి జిగట, ఇంకా ఎండితే నల్లగా మెరిసే గట్టి పెచ్చు. ఆ పెచ్చు మసి మాత్రమే కాదు, మంచి ఇంధనం. ఒకరోజు పొయ్యిలో మంట కాస్త పెద్దదైతే నిప్పురవ్వ పైకి లేచి దానికి తగులుద్ది. ఇక గొట్టమే కొలిమి అయిపోద్ది. వెయ్యి డిగ్రీల సెంటీగ్రేడు దాటిన సందర్భాలు ఉన్నాయి. విన్నోళ్ళు చెప్పే మాట ఒకటే, రైలు ఇంటి మీద నుంచి పోతున్నట్టు హోరు వస్తదంట. ఇటుక పగిలిందా, పక్కనున్న దూలం అంటుకుంటది.

అమెరికాకి వలస పోయిన మొదటి తరం ఇంగ్లీషోళ్ళ పరిస్థితి ఇంకా అధ్వాన్నం. ఇటుక లేదు, సున్నం లేదు. కట్టెలతోనే పొగగొట్టం కట్టి లోపల మట్టి మెత్తేవోళ్ళు. పైకప్పు గడ్డిది. మన తాటాకు గుడిసెకి కట్టెల చిమ్నీ పెట్టినట్టు అనుకోండి. మట్టి ఎండి రాలిన చోట కట్టె బయటపడుద్ది, నిప్పు తగులుద్ది. 1631లో బోస్టన్‌లో అట్లాగే ఒక ఇల్లు కాలింది. వెంటనే పెద్దలు కూర్చుని కట్టుబాటు పెట్టారు. ఇక మీదట ఎవరూ కట్టెతో పొగగొట్టం కట్టకూడదు, గడ్డితో కప్పు వేయకూడదు అని. ఊరు పుట్టి అప్పటికి ఏడాది కూడా సరిగ్గా కాలేదు. మొదటి కట్టుబాట్లలోనే పొగగొట్టం వచ్చిందంటే భయం ఎంతదో చూడండి.

ఇప్పుడు న్యూయార్క్ అంటున్న ఊరు అప్పట్లో డచ్చోళ్ళ చేతిలో ఉండేది. పేరు న్యూ ఆమ్‌స్టర్‌డామ్. అక్కడి గవర్నరు పీటర్ స్టైవెసంట్ 1648లో కొంతమందిని నిప్పు కాపలాదారులుగా పెట్టాడు. వాళ్ళ పని ఇల్లిల్లూ తిరిగి గొట్టం చూడటం. మసి పట్టి ఉంటే జరిమానా. ఆ జరిమానా డబ్బులు ఖజానాకి పోలేదు. వాటితో తోలు బకెట్లు, నిచ్చెనలు, కొక్కేలు కొన్నారు. గొట్టం ఊడ్చనోడి డబ్బుతోనే అందరి ఇళ్ళకీ కాపలా. ఈ పద్ధతి గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

ఇంగ్లండులో ఇంకో విడ్డూరం జరిగింది. 1662లో అక్కడి రాజు పొయ్యి పన్ను వేశాడు. ఇంట్లో ఎన్ని పొయ్యిలుంటే అన్నిటికీ ఏడాదికి రెండేసి షిల్లింగులు. పన్ను లెక్కలోళ్ళు ఇంట్లోకొచ్చి పొయ్యిలు లెక్కబెట్టేవోళ్ళు. జనం ఊరుకుంటారా? మన దగ్గర కరెంటు మీటరు కాడ చేసే తెలివితేటలు అక్కడ పొయ్యి కాడ చేశారు. కొందరు పొయ్యిలు మూసేశారు, కొందరు ఒకే గొట్టంలోకి రెండు పొయ్యిలు కలిపారు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చర్చిల్ అనే పల్లె ఉంది. 1684లో అక్కడ రొట్టెలు కాల్చే ఒకావిడ పన్ను తప్పించుకోడానికి పక్కింటి గొట్టంలోకి కన్నం కొట్టి తన పొయ్యి పొగ అందులోకి వదిలిందని చెప్తారు. మంట లేచింది. 20 ఇళ్ళు బూడిదయ్యాయి, నలుగురు పోయారు. ఆ పన్ను 1689లో ఎత్తేశారు. ఆ పల్లెని మాత్రం తర్వాత పక్కనున్న మెరక మీద రాతితో మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చింది.

దానికి ముందే 1666 సెప్టెంబరు 2 తెల్లవారుజామున లండన్‌లో ఒక రొట్టెల దుకాణంలో మొదలైన నిప్పు నాలుగు రోజులు కాలింది. 13,200 ఇళ్ళు, 87 చర్చిలు పోయాయి. ఆ దుకాణం ఉన్న సందు పేరు పుడింగ్ లేన్. చివరికి నిప్పుని ఆపింది నీళ్ళు కాదు. ముందున్న ఇళ్ళని కొక్కేలతో లాగి, తుపాకి మందు పెట్టి పేల్చి, నిప్పుకి తిండి లేకుండా ఖాళీ చేశారు. గాలి కూడా తగ్గింది. మన ఊళ్ళల్లో గుడిసెల వరస అంటుకున్నప్పుడు మన తాతలు చేసింది కూడా అచ్చంగా ఇదే. మంటున్న ఇంటిని వదిలేసి, దాని తర్వాత రెండో ఇంటి కప్పు లాగి పారేసేవోళ్ళు. లండన్ కథ వాళ్ళకెవరూ చెప్పలేదు. నిప్పే నేర్పింది.

గొట్టం నిప్పుకి అసలు మందు గొట్టం ఊడవటం. అది ఎవరు చేశారన్నది చెప్పుకోడానికి బాధగా ఉండే కథ. లండన్‌లో ఇరుకు గొట్టాల్లోకి పెద్దమనిషి దూరలేడు. పేదోళ్ళ పిల్లల్ని, ఐదారేళ్ళ వాళ్ళని కూడా, లోపలికి ఎక్కించి మసి గీకించారు. మోచేతులు, మోకాళ్ళు దోక్కుపోయేవి. ఊపిరాడక కొందరు అందులోనే ఉండిపోయేవోళ్ళు. మసి వల్ల వాళ్ళకి పెద్దయ్యాక ఒక రకం క్యాన్సర్ వస్తోందని పెర్సివల్ పాట్ అనే డాక్టరు 1775లోనే రాశాడు. ఒక వృత్తి వల్ల క్యాన్సర్ వస్తదని చెప్పిన తొలి మాటల్లో అదొకటి. 1788లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని పెట్టుకోవద్దని చట్టం చేశారు, ఎవరూ లెక్కచేయలేదు. 1834లో ఇంకోటి, 1840లో ఇంకోటి. పొడుగాటి బ్రష్షు అప్పటికే వచ్చింది, అయినా పిల్లాడు చవక కాబట్టి పిల్లాడినే ఎక్కించారు. 1875లో కేంబ్రిడ్జి దగ్గర ఒక ఆసుపత్రి గొట్టంలో జార్జ్ బ్రూస్టర్ అనే పిల్లాడు ఇరుక్కుని చనిపోయాక గానీ గట్టి చట్టం రాలేదు. లార్డ్ షాఫ్ట్‌స్‌బరీ పట్టుబట్టి తెచ్చాడు. ఆ దెబ్బతో పిల్లల్ని ఎక్కించటం ఆగింది.

ఇప్పుడు ఆర్పేవాళ్ళ సంగతి. ఫైరింజన్, యూనిఫాం, జీతం, ఇవన్నీ ఆలస్యంగా వచ్చినవి. ముందు ఉన్నది ఇరుగుపొరుగు మాత్రమే. దాన్ని ఒక పద్ధతిలో పెట్టినవాళ్ళల్లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకడు. మెరుపుల్లో కరెంటు ఉందని గాలిపటంతో చూపినాయన. ఫిలడెల్ఫియాలో ఆయన సొంత పత్రిక ఉండేది. 1735లో అందులో నిప్పు జాగ్రత్తల మీద రాశాడు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పారలో నిప్పులు మూసిపెట్టకుండా మోసుకుపోవద్దని, గొట్టాలు ఊడ్చేవాళ్ళకి లైసెన్సు పెట్టాలని, ఊడ్చిన కొద్ది రోజులకే గొట్టం అంటుకుంటే ఊడ్చినోడిదే పూచీ అని వాదించాడు.

రాసి ఊరుకోలేదు. 1736 డిసెంబరు 7న యూనియన్ ఫైర్ కంపెనీ అని సంఘం పెట్టాడు. కంపెనీ అంటే వ్యాపారం కాదు, ఊరోళ్ళ జట్టు. సుమారు 30 మంది. ప్రతి సభ్యుడూ ఇన్ని తోలు బకెట్లు, ఇన్ని గట్టి సంచులు తన ఇంట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. బకెట్లు నీళ్ళకి. సంచులు ఎందుకంటే, కాలుతున్న ఇంట్లోంచి సామాను బయటికి తెచ్చి దొంగల పాలవకుండా కట్టిపెట్టడానికి. నెలకొకసారి సాయంత్రం కలవాలి, నిప్పు గురించి తెలిసింది మాట్లాడుకోవాలి. రాకపోతే జరిమానా. ఆ జరిమానాలతో పంపులు, నిచ్చెనలు కొన్నారు. ఆ సంఘంలో చోటు చాలక ఊళ్ళో మిగతావాళ్ళు ఇంకో సంఘం పెట్టారు, తర్వాత ఇంకోటి. కొన్నేళ్ళకి ఆస్తి ఉన్నవాళ్ళల్లో ఎక్కువమంది ఏదో ఒక జట్టులో ఉన్నారని ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

ఆ పద్ధతి చచ్చిపోలేదు. అమెరికాలో ఇవాళ్టికీ ఫైర్‌మెన్లలో సగానికి పైగా జీతం లేని వాలంటీర్లే. ముఖ్యంగా పల్లెల్లో. జర్మనీలో వాలంటీర్లు దాదాపు 10 లక్షల మంది. చిలీ దేశంలో అయితే ఫైర్ సర్వీసు మొత్తం వాలంటీర్లదే. పగలు రైతు, డ్రైవరు, టీచరు. సైరన్ మోగితే ఫైర్‌మ్యాన్. గొట్టం అంటుకుంటే ఎక్కడా పైనుంచి బకెట్లతో నీళ్ళు కుమ్మరించకూడదని వాళ్ళకి నేర్పుతారు. ఎందుకంటే ఒక లీటరు నీళ్ళు ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల ఆవిరవుద్ది. కాలుతున్న ఇటుక మీద చల్లనీళ్ళు పడితే గొట్టం పగులుద్ది, నిప్పు ఇంట్లోకొస్తది. ముందు పొయ్యిలో కట్టె బయటికి లాగాలి, గాలి పోయే దారులు మూయాలి, చుట్టూ వేడెక్కిన చోట్లు చూసుకోవాలి. పాతకాలంలో తడి దుప్పటి పొయ్యి మూతికి కప్పేవోళ్ళు, ఉప్పు చల్లేవోళ్ళు. మసి రాల్చడానికి గొట్టంలోకి తుపాకి పేల్చినోళ్ళు కూడా ఉన్నారు.

ఇదంతా మనకెందుకు అంటారా? మనకి ఇళ్ళల్లో పొగగొట్టాలు లేకపోయినా చేలల్లో వచ్చాయి కాబట్టి.

అమెరికాలో నార్త్ కెరొలైనా రాష్ట్రం, కాస్వెల్ కౌంటీ. 1839. స్లేడ్ అనే ఆసామి పొలంలో స్టీఫెన్ అని ఒక బానిస కుర్రాడు ఉండేవాడు, కమ్మరి పని కూడా తెలుసు. పొగాకు కొట్టంలో రాత్రి మంట చూస్తా చూస్తా నిద్రపోయాడు. లేచేసరికి మంట ఆరిపోతోంది. గబగబా కొలిమి కాడ ఉన్న బొగ్గులు తెచ్చి వేశాడు. ఒక్కసారిగా పొడి వేడి తగిలి ఆకు పసుప్పచ్చగా బంగారంలాగా తిరిగింది. ఆ ఆకుకి ధర అదిరిపోయింది. మనం పండించే వర్జీనియా పొగాకు క్యూరింగ్ కథ అక్కణ్ణుంచి మొదలైందని చెప్పుకుంటారు. ఆసామికి డబ్బొచ్చింది. కుర్రాడు బానిసగానే ఉన్నాడు, స్వేచ్ఛ రావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

కొట్టంలో నేల మీదే నిప్పులు పెట్టి పైన ఎండాకు వేలాడదీస్తే ఏమవుద్దో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొట్టాలు వరసబెట్టి కాలాయి. పైగా పొగ తగిలితే ఆకు రంగు, వాసన పోతాయి. అందుకని పొయ్యి బయట పెట్టి, వేడిని ఇనప గొట్టాల్లో లోపలికి పంపి, పొగ మాత్రం మళ్ళీ బయటికి పోయేట్టు చేశారు. అదే ఇవాళ్టి మన బ్యారన్. గొట్టం పుట్టిందే నిప్పు నుంచి ఆకుని కాపాడటానికి. ఆ గొట్టమే మళ్ళీ నిప్పుకి దారైంది.

1920ల్లో గుంటూరు ప్రాంతానికి వర్జీనియా పొగాకు వచ్చింది. దాని వెనకాలే బ్యారన్లు వచ్చాయి. అక్కణ్ణుంచి ప్రకాశం, నెల్లూరు చేలకీ, గోదావరి అవతల మెట్ట ప్రాంతాలకీ పాకింది. 1947లో రాజమండ్రిలో పొగాకు పరిశోధన కేంద్రం పెట్టారు. 1976లో గుంటూరు హెడ్డాఫీసుగా పొగాకు బోర్డు వచ్చింది. మా కందుకూరు వైపు ఎటు చూసినా చేల మధ్యన గూడు లాంటి పొడుగాటి గదులు, పక్కన పొగగొట్టం. మన ఊళ్ళ బొమ్మే మారిపోయింది.

బ్యారన్ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, పిల్లలూ చదువుతారు కదా, రెండు ముక్కలు. రెలిచిన పచ్చాకు కర్రలకి అల్లి, లోపల అంతస్తుల్లాగా పైదాకా ఎత్తుతాం. ముందు 90, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆకు పండబెడతాం. తర్వాత మెల్లిగా వేడి పెంచి ఆకు ఎండబెడతాం. చివరికి ఈనె ఎండటానికి 160 దాకా పోతాం. ఐదారు రోజులు. ఒక కిలో ఎండాకు రావాలంటే నాలుగైదు కిలోల కట్టె కావాలి. అన్ని రోజులూ, అన్ని రాత్రులూ పొయ్యి కాడ మనిషి ఉండాల్సిందే.

ప్రమాదం ఎప్పుడొస్తదో చూడండి. మొదటి రోజుల్లో ఆకు పచ్చిగా ఉంటది, అంటుకోదు. చివరి రోజున ఆకు గలగలలాడుతుంటది, గొట్టం బాగా కాగి ఉంటది. పొయ్యి కాడ మనిషి అప్పటికి నాలుగు రాత్రుల నిద్ర కాచి ఉంటాడు. ఒక ఆకు అల్లిక ఊడి గొట్టం మీద పడిందా, లేకపోతే ఒక కర్ర జారిందా, అంతే. ఇంకో దారి గొట్టం లోపల్నుంచి. పచ్చి కట్టె, తడిసిన మొద్దులు వేస్తే పైన చెప్పిన జిగట మసి మన గొట్టాల్లో కూడా పడుద్ది, ముఖ్యంగా పొగ చల్లబడే చివరి గొట్టంలో. అది అంటుకుంటే రేకు ఎర్రగా కాగుద్ది. తుప్పు పట్టిన అతుకు దగ్గర చిల్లు ఉంటే నిప్పురవ్వ నేరుగా ఆకులోకి. ఒక్కసారి అంటుకుంటే కింది అంతస్తు నుంచి పై అంతస్తుకి పోడానికి ఎంతోసేపు పట్టదు. బ్యారన్ మొత్తం ఒక పొగగొట్టం అయిపోద్ది.

మా ఊళ్ళో నేను చిన్నప్పుడు చూసింది ఒకటి చెప్తా. రాత్రి రెండో జాము దాటింది. తూర్పు చేలల్లో వెలుగు. ముందు చూసింది గొర్రెల కాడ పడుకున్న మనిషి. ఆయన కేక వేశాడు, ఆ కేక ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. గుళ్ళో గంట ఆగకుండా కొట్టారు, మాల పల్లెలో చర్చి గంట కూడా కలిసింది. ఎవరి బ్యారన్ అని ఎవరూ అడగలేదు. బిందెలు, బకెట్లు, పార, గొడ్డలి, చేతికి ఏది దొరికితే అది. మా నాయన తడి గోతాలు భుజానేసుకుని ఉరికాడు. ఆయిలింజను ఉన్న ఆసామి ఎవరూ చెప్పకముందే ఇంజను తిప్పాడు. నేల బావి కాణ్ణుంచి బ్యారన్ దాకా వరస నిలబడ్డారు. నిండు బిందెలు ఒక వరసలో మగోళ్ళ చేతుల మీదుగా పోతుంటే, ఖాళీ బిందెలు ఇంకో వరసలో ఆడోళ్ళ చేతుల మీదుగా తిరిగొచ్చాయి. అంతకుముందు నెలలో గట్టు తగాదా పడి మాటలు లేని ఇద్దరు ఆ వరసలో పక్కపక్కన నిలబడ్డారు. ఒకడు ఇస్తే ఇంకోడు అందుకున్నాడు.

ఆ బ్యారన్ దక్కలేదు. తలుపు తీయగానే లోపల నిప్పు గుప్పున లేచింది, గాలి తగిలింది కదా. అప్పుడు మా ఊరి పెద్దాయన ఒకాయన గట్టిగా అరిచి అందరినీ వెనక్కి లాగాడు. "అది పోయింది, వదిలెయ్యండి, పక్కది చూడండి" అని. పక్క బ్యారన్ గోడల మీద, దాని కప్పు మీద, కట్టెల మోపుల మీద, ఆకు మండె కట్టిన పాక మీద తెల్లారిందాకా నీళ్ళు కొడతానే ఉన్నారు. రెండు బ్యారన్లు, పాక దక్కాయి. తెల్లారాక కాలిన బ్యారన్ గోడ ఒకటి దానంతటదే పడిపోయింది. దాని పక్కన ఎవరూ లేరు, అది ఆ పెద్దాయన పుణ్యం. 1861లో లండన్ టూలీ స్ట్రీట్‌లో జనపనార, పత్తి నిల్వ ఉన్న గోడౌన్లు కాలినప్పుడు, అక్కడి ఫైర్ దళానికి పెద్ద జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ అట్లాంటి గోడ మీద పడే చనిపోయాడు. ఎంత అనుభవం ఉన్నా కాలిన గోడ జాలి చూపదు.

తర్వాత వారంలో జరిగింది కూడా చెప్పాలి. కాలిన బ్యారన్ ఆసామికి చేలో ఇంకా ఆకు ఉంది. ఊళ్ళో నలుగురు తమ బ్యారన్లలో వంతులవారీగా ఆయన ఆకు కాల్చి ఇచ్చారు. రాసుకున్న కాగితం లేదు. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడంట ఇంకొకడు" అని సామెత ఉంది కదా. అట్లాంటోళ్ళు అన్ని ఊళ్ళల్లో ఉంటారు. ఆ వారం మాత్రం మా ఊళ్ళో కనపడలేదు.

గుడిసెల నిప్పు ఇంకో పెద్ద అధ్యాయం. ఎండాకాలం మధ్యాహ్నం, వడగాలి, తాటాకు కప్పులు ఒకదానికొకటి ఆనుకుని. పొయ్యిలోంచి ఒక రవ్వ లేచిందంటే పల్లె పల్లే పోయేది. ముందు పశువుల తలుగులు కోసేవోళ్ళు, తర్వాత పిల్లలు, ముసలోళ్ళు, తర్వాత ధాన్యం. 1980ల నుంచి పక్కా ఇళ్ళు వచ్చాక, వంట గ్యాసు వచ్చాక ఆ భయం చాలా తగ్గింది. కాలిన పల్లెల్లో ఎక్కువ పేదోళ్ళవే, దళితులవే. ఎందుకంటే వాళ్ళకే ఇరుకు జాగా, వాళ్ళకే తాటాకు. నిప్పుకి కులం లేకపోవచ్చు గానీ, కాలే కప్పుకి ఉండేది.

మన దేశంలో ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక దినం జరుపుతారు. ఆ తారీకు వెనక కూడా మన పంట ఉంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ అంటుకుంది. అందులో యుద్ధానికి తెచ్చిన పేలుడు సామాను ఉంది. దాంతోపాటే పత్తి బేళ్ళు. పత్తి సంగతి మనకి తెలుసు, పైన ఆరినట్టు కనపడుద్ది, లోపల రగులుతానే ఉంటది. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలింది, అరగంటకి మళ్ళీ పేలింది. ఆర్పటానికి పోయిన ఫైర్ సిబ్బంది 66 మంది చనిపోయారు. ఊళ్ళో వందల మంది పోయారు. వాళ్ళని తలుచుకోడానికే ఆ రోజు.

ఇప్పుడు అసలు మాటకొస్తా. ఇవాళ మా ఊళ్ళో బ్యారన్ అంటుకుంటే ఎంతమంది ఉరుకుతారు? లెక్కేసి చూశా. చేతకాని మాట కాదు, మనుషులే లేరు. కుర్రాళ్ళు హైదరాబాదు, బెంగళూరు. ఉన్నోళ్ళల్లో సగం మంది యాభై దాటినోళ్ళు. పొయ్యి కాడికి బయటి జిల్లాల నుంచి కూలీకి వచ్చిన మనిషికి మా ఊళ్ళో ఏ బావిలో నీళ్ళున్నాయో తెలియదు. నేల బావులు పూడిపోయాయి, బోర్లు కరెంటు ఉంటేనే. ఫైరింజన్ వస్తది, 101కి చేస్తే కచ్చితంగా వస్తది, వాళ్ళు ప్రాణం పెట్టి పనిచేస్తారు. కానీ మండల కేంద్రం దాటి, చేల దారి పట్టి, ఆ గతుకుల్లో వచ్చేసరికి పట్టే టైము నిప్పుకి చాలు. ఆ మధ్య టైము మనది. ఫ్రాంక్లిన్ జట్టు పెట్టింది ఆ మధ్య టైము కోసమే.

అందుకని సీజన్ మొదలయ్యేలోపు ఈ నాలుగు పనులు ఊరంతా కలిసి చేద్దామని నా మాట. కొత్తవేం కాదు, పైన కథలో ఉన్నవే.

ఒకటి, గొట్టాలు దించి లోపల మసి ఊడ్చి, టార్చి పెట్టి చిల్లులు చూడండి. సగం సీజన్లో ఇంకోసారి. తుప్పు తిన్న గొట్టం ఇంకో ఏడు లాగుదాం అనుకోవద్దు. గొట్టం మీద ఆకు రాలకుండా ఇనప వల కట్టండి. కట్టె ఎండిందే వాడండి, మోపులు పొయ్యికి దూరంగా పెట్టండి.

రెండు, ప్రతి బ్యారన్ దగ్గర రెండు డ్రమ్ముల నీళ్ళు, ఇసక కుప్ప, నాలుగు గోతాలు, నిచ్చెన, పొడుగు కొక్కెం ఉండాలి. మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు, ట్రాక్టర్ ట్యాంకర్లు ఎవరెవరి దగ్గర ఉన్నాయో పేర్లు, ఫోన్ నంబర్లు రాసి ప్రతి బ్యారన్ తలుపు మీద అంటించండి. ఇల్లు కాలాక బావి తవ్వితే ఏం లాభం.

మూడు, అంటుకున్నాక ముందు పొయ్యిలో కట్టె లాగెయ్యాలి, గాలి కిటికీలు, తలుపులు మూసే ఉంచాలి. ఆకు కోసం తలుపు తీసి లోపలికి పోయేవాణ్ణి పట్టుకుని ఆపాలి. కప్పు ఎక్కొద్దు, గోడ పక్కన నిలబడొద్దు. కరెంటు తీసేయించాలి. అది దక్కదని తెలిస్తే పక్కది కాపాడాలి. ఆకు మళ్ళీ పండుద్ది, మనిషి పండడు.

నాలుగు, పది బ్యారన్లకి ఒక జట్టు. వారానికొకసారి జట్టులో ఇద్దరు తిరిగి గొట్టాలు, డ్రమ్ములు చూడాలి. డ్రమ్ము ఖాళీగా ఉంటే వంద రూపాయల జరిమానా. ఆ డబ్బుతో పైపు కొందాం. 1648లో స్టైవెసంట్ చేసింది 2020ల్లో మనం చేయలేమా? ఎవరూ పెద్దరికం చూపించుకోడానికి కాదు, ఆ మధ్య టైములో చేతులు కలవడానికి.

మా జట్టులో ఇప్పటికి ఎనిమిది బ్యారన్లోళ్ళు ఒప్పుకున్నారు. మొదటి జరిమానా ఎవరిదవుద్దో అని అప్పుడే పందేలు మొదలయ్యాయి. మీ ఊళ్ళో పాతకాలంలో నిప్పు ఎట్లా ఆర్పేవోళ్ళో ముసలోళ్ళని అడిగి చెప్పండి. వాళ్ళు ఉండగానే అడగాలి.  ఈసారి మీ ఆకు బంగారంలాగా దిగాలి, రేటు పలకాలి.